17 ఏళ్ల ఏసీ, ఫర్నేస్ మార్చాలి: ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, ఎవరి మాట పట్టుకోవాలి?

ప్రశ్న: పెంకుటిల్లు

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒకే అంతస్తు ఇల్లు, సుమారు 1,800 చదరపు అడుగులు ఉంటుంది. ఇంటి మొత్తానికీ కలిపి ఒకే ఏర్పాటు ఉంది: బయట మూడున్నర టన్నుల కండెన్సర్ (ఏసీ బయటి యూనిట్), లోపల చలికాలంలో ఇంటిని వెచ్చబరిచే, గ్యాస్‌తో నడిచే ఫర్నేస్, దాని నెత్తిన గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్, అక్కడి నుంచి అటక మీదుగా అన్ని గదులకూ డక్టులు. మేము ఈ ఇల్లు కొనేనాటికే ఇవన్నీ అమర్చి ఉన్నాయి. యంత్రం వివరాలు రాసి ఉన్న రేకు మీది తేదీని బట్టి 17 ఏళ్లు నిండాయి. ఫర్నేస్ ఇప్పటికీ ఏ పేచీ లేకుండా వెలుగుతోంది. ఏసీ మాత్రం ఈ వేసవి మొదట్లో గాలి వీస్తూనే చల్లదనం ఇవ్వడం మానేసింది. చూసిన మెకానిక్ లోపలి కాయిల్‌లో లీకు ఉందనీ, యంత్రంలో వాడినది ఆర్-22 అనే పాత రకం ఏసీ గ్యాస్ అనీ చెప్పారు.

తర్వాత ముగ్గురిని పిలిచి అంచనాలు అడిగాను. మొదటివారు కాయిల్ ఒక్కటి మార్చి గ్యాస్ నింపితే మరో నాలుగైదేళ్లు నడుస్తుందన్నారు. రెండోవారు పాతవాటిలో ఏదీ మిగల్చవద్దని, ఫర్నేస్‌తో సహా అన్నీ తీసేసి నాలుగు టన్నులది పెట్టుకోమని, ఎండలు ముదురుతున్నాయి కాబట్టి అర టన్ను ఎక్కువగా ఉంటే నష్టమేమీ లేదని సలహా ఇచ్చారు. మూడోవారు ఇక ఫర్నేస్ అక్కరలేదని, మూడు టన్నుల హీట్ పంప్ ఒక్కటే వేసవికీ చలికాలానికీ సరిపోతుందని అన్నారు. ముగ్గురూ చేసిన పని మాత్రం ఒకటే: బయటి యూనిట్ మీది రేకును ఫోన్‌తో ఫొటో తీసుకున్నారు, ఇల్లు ఎన్ని అడుగులని అడిగారు, వెళ్లిపోయారు. అటక ఎక్కి చూసినవారు ఒక్కరూ లేరు.

యంత్రం బాగా పనిచేసిన రోజుల్లో కూడా మాకు కొన్ని ఇబ్బందులు ఉండేవి, వాటిని కూడా చెబుతాను. వెనకవైపు పడకగది ఎప్పుడూ మిగతా ఇంటికంటే మూడు నాలుగు డిగ్రీలు వేడిగానే ఉండేది. హాలులో థర్మోస్టాట్ 24 చూపిస్తున్నా ఒళ్లు జిగటగా అనిపించేది. సాయంత్రం వేళ బయటి యూనిట్ ఏడెనిమిది నిమిషాలు తిరిగి ఆగిపోయేది, మళ్లీ కాసేపటికి మొదలయ్యేది. కొత్త ఫిల్టర్ పెట్టినప్పుడల్లా గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర సన్నగా ఈల వేసినట్లు శబ్దం వచ్చేది. ఫిల్టర్ తీస్తే ఆ ఈల ఆగిపోయేది. పడకగది తలుపు మూస్తే కింది సందులోంచి గాలి రివ్వున కాళ్లకు తగిలేది.

మా దగ్గర వేసవిలో పగలు 40 డిగ్రీల వరకు వెళుతుంది, చలికాలం రాత్రులు మైనస్ 5, మైనస్ 6 దాకా దిగుతుంది. బాగా ఉన్న ఫర్నేస్‌ను ఏసీతో పాటు తీసేయడం దండగా, లేక రెండూ ఒకేసారి మార్చడమే మేలా? టన్నుల సంగతి ఎలా తేల్చుకోవాలి? హీట్ పంప్ ఒక్కటే ఇంత చలికి ఆగుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


జవాబు: పానా_స్క్రూడ్రైవర్

పెంకుటిల్లు గారూ, నేను ఈ పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. మీకు వచ్చిన మూడు సలహాలలో దేనికీ ఇప్పుడే సరే అనవద్దు. అవి మూడూ తప్పని కాదు, ఒక్కదానికీ కొలత ఆధారం లేదు.

ముందు ‘గ్యాస్ నింపడం’ అనే మాట గురించి. ఫర్నేస్‌లో మండేదాన్నీ గ్యాస్ అనే అంటాము, ఏసీ గొట్టాలలో తిరిగేదాన్నీ గ్యాస్ అనే అంటాము; అందువల్ల రెండోది కూడా వాడేకొద్దీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది మూసి ఉన్న గొట్టాలలో ద్రవంగా, ఆవిరిగా మారుతూ గుండ్రంగా తిరుగుతుందే తప్ప ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. మీ విషయంలో ఆ చోటు కాయిల్ అని తెలిసింది కాబట్టి, దాన్ని మార్చకుండా ఊరికే నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఇక కాయిల్ మార్చి నింపాలన్నా మీది ఆర్-22. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కిందికి తర్వాతి సవరణలతో ఇది కూడా వచ్చింది. అభివృద్ధి చెందిన దేశాలలో 2020 నాటికే దీని కొత్త తయారీ దాదాపుగా ఆగిపోయింది. మిగిలినది చాలావరకు పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసిన సరుకు. 17 ఏళ్లు తిరిగిన కంప్రెసర్‌కు కొత్త కాయిల్ తగిలించి, దొరకడం కష్టమైన ఆర్-22 నింపి, రేపు ఆ కంప్రెసరే పోతే మీరు పెట్టిన కాయిల్ కూడా దానితోనే పోతుంది. అందువల్ల మొదటి సలహాను నేనైతే పక్కన పెడతాను.

రెండో సలహా అంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే వినడానికి అది భద్రంగా ఉంటుంది. మీరు రాసిన లక్షణాలను మళ్లీ చదవండి: ఏడెనిమిది నిమిషాలు తిరిగి ఆగడం, ఒళ్లు జిగటగా ఉండడం, జాలీ దగ్గర ఈల. ఇవి చిన్న యంత్రం ఉన్న ఇంటి ఫిర్యాదులు కావు, పెద్ద యంత్రం ఉన్న ఇంటి ఫిర్యాదులు. కాయిల్ గాలిలోని తేమను పట్టుకోవాలంటే ముందు అది బాగా చల్లబడాలి, దాని రెక్కల మీద నీటి పొర పేరుకోవాలి, ఆ పొర బరువెక్కి కింది పళ్లెంలోకి కారడం మొదలవ్వాలి. దీనికే కొన్ని నిమిషాలు పడుతుంది. సరిగ్గా నీరు గొట్టంలోకి దిగే వేళకు థర్మోస్టాట్ తృప్తిపడి కంప్రెసర్‌ను ఆపేస్తే, రెక్కల మీద మిగిలిన తడిని ఫ్యాన్ మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. అందుకే 24 చూపిస్తున్నా మీకు హాయి కలగలేదు. నాలుగు టన్నులది పెడితే ఆ ఏడెనిమిది నిమిషాలు కాస్తా ఆరు అవుతాయి.

ఈల విషయానికి వస్తే, ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్లు, ఎంత డక్టుకు అంత గాలి. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలని మా పనిలో ఒక లెక్క. మూడున్నర టన్నులకు అది 1,400, నాలుగు టన్నులకు 1,600. అదే డక్టులో గాలిని పెంచితే పీడనం దాని వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే గాలి 14 శాతం పెరిగితే పీడనం 30 శాతం పెరగాలి. ఇప్పటికే ఫిల్టర్ పెడితే ఈల వేస్తున్న డక్టు మీద ఇంకా బరువు మోపితే శబ్దం పెరుగుతుంది, బ్లోయర్ మోటారు వేడెక్కుతుంది, చివరి గదికి మాత్రం గాలి పెరగదు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. డక్టు పీడనం కొలిచే పరికరం ఉన్న మెకానిక్‌ను, అమ్మకానికి కాకుండా, కొలతకు మాత్రమే డబ్బు ఇచ్చి పిలవండి. ఫర్నేస్‌కు ముందూ, ఫర్నేస్‌కూ దాని పైనున్న కాయిల్‌కూ మధ్యా చిన్న రంధ్రాలు చేసి పీడనం తేడా చూస్తారు. ఇళ్లలో వాడే చాలా ఫర్నేస్‌ల రేకు మీద అది 125 పాస్కల్స్, అంటే అర అంగుళం నీటిమట్టం, దాటకూడదని రాసి ఉంటుంది. అటక మీది డక్టులను చూడమనండి. మీ థర్మోస్టాట్ కాస్త కొత్తదైతే, ఎంతసేపు నడిచిందో నెలల తరబడి దాచుకునే ఉంటుంది. అతి వేడి రోజు, అతి చలి రాత్రి యంత్రం ఎన్ని నిమిషాలు తిరిగిందో అందులో వెతికి ఇక్కడ రాయండి. టన్నుల మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.


జవాబు: నిదానం

పై సభ్యులు చెప్పిన నాలుగు టన్నుల కథ మా ఇంట్లో జరిగినదే కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్ల కిందట మూడు టన్నులది చెడిపోతే, ‘ఒక సైజు పెద్దది’ అన్న మాటకు తలూపి నాలుగు టన్నులది పెట్టించుకున్నాము. మొదటి వారం అందరమూ మురిసిపోయాము, తలుపు తీసి లోపలికి రాగానే చలి కొట్టేది. వానలు మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. స్నానాల గదిలో తువాలు మర్నాటికి కూడా ఆరేది కాదు. ఒకరోజు అలమర తీసి చూస్తే తోలు బెల్టు మీద పిండి చల్లినట్లు తెల్లటి బూజు. థర్మోస్టాట్‌ను 22కు దించితే జిగట పోలేదు సరికదా, చలి తోడైంది. చివరికి తేమ తీసే యంత్రాన్ని వేరే కొని పెట్టవలసి వచ్చింది, అంటే పెద్ద ఏసీ చేయలేని పనికి ఇంకొక యంత్రం.

సైజు ఒక్కటే కాదు, బిగించిన తీరు కూడా మమ్మల్ని ఏడిపించింది. రెండో వేసవికే చల్లదనం సన్నగిల్లితే, మొదట బిగించినవారు రెండుసార్లు వచ్చి గ్యాస్ తగ్గిందని నింపి వెళ్లారు. మూడోసారి నేను వేరొకరిని పిలిచాను. ఆయన రాగి గొట్టం అతుకు దగ్గర కోసి, ముక్కను నా అరచేతిలో పెట్టి, గోటితో గీకి చూడమన్నారు. లోపలంతా నల్లటి పొట్టు రేగింది. రాగి గొట్టాలను మంటతో అతికేటప్పుడు లోపలి గాలిలోని ఆక్సిజన్‌తో రాగి మాడి అలా పెచ్చులు కడుతుందనీ, అది జరగకుండా అతుకుతున్నంతసేపూ గొట్టంలోంచి నైట్రోజన్‌ను సన్నగా పోనివ్వాలనీ, ఆ పని చేయనందువల్ల ఈ పెచ్చులు కొట్టుకుపోయి కాయిల్‌లోకి వెళ్లే గ్యాస్‌ను అదుపు చేసే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జల్లెడలో ఇరుక్కున్నాయనీ వివరించారు. గ్యాస్ ఎప్పుడూ తగ్గనే లేదు, దారి మూసుకుపోయింది. ఉన్నది సరిపోగా పైన రెండుసార్లు నింపారన్నమాట.

పెంకుటిల్లు గారూ, అంచనాలు పోల్చేటప్పుడు యంత్రం పేరు కంటే, నైట్రోజన్ సిలిండర్ తెస్తారా, గ్యాస్ నింపే ముందు గొట్టాలలోని గాలిని, తేమను తీసేసే వ్యాక్యూమ్ ఎంతవరకు లాగుతారు అని అడగండి. ఆ ప్రశ్నకు ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం తేలిపోతుంది.


జవాబు: లెక్కలపద్దు

హీట్ పంప్ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. మేము నాలుగు చలికాలాలుగా దానితోనే ఉన్నాము.

హీట్ పంప్ అంటే తిప్పి నడపగలిగే ఏసీ. వేసవిలో ఇంట్లోని వేడిని తీసి బయట పారేస్తుంది. చలికాలంలో ఒక నాలుగు దారుల వాల్వ్ ప్రవాహాన్ని మళ్లించగానే బయటి గాలిలోని వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. బయట సున్నా ఉన్నప్పుడు వేడి ఎక్కడిది అని అందరూ అడుగుతారు. గొట్టంలోని ద్రవాన్ని బయటి గాలికంటే ఇంకా చల్లగా ఉంచితే చాలు, వేడి దానంతట అదే గాలి నుంచి దానిలోకి దిగుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు, కెల్విన్ 1852లోనే ప్రతిపాదించాడు. ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి వస్తుందో ఆ నిష్పత్తిని సీఓపీ అంటారు. కరెంటు హీటర్‌కు అది ఒకటి. హీట్ పంప్‌కు బయట ఏడెనిమిది డిగ్రీలు ఉన్నప్పుడు మూడు, ఆపైన కూడా రావచ్చు. చలి పెరిగేకొద్దీ రెండు వైపు దిగుతుంది.

చిక్కు ఎక్కడంటే, బయట చలి పెరిగేకొద్దీ ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది, పంపు ఇవ్వగలిగిన వేడి తగ్గుతుంది. ఈ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో ఆ ఉష్ణోగ్రతకు దిగువన ఇంకొక ఆసరా కావాలి. ఒకే వేగంతో తిరిగే మామూలు పంపు మైనస్ 6 దగ్గర తన రేటింగ్‌లో సుమారు మూడింట రెండు వంతులే ఇవ్వవచ్చు. చలి ప్రదేశాల కోసం చేసిన ఇన్వర్టర్ రకం అంతకంటే చాలా మెరుగు. అందువల్ల మూడు టన్నుల హీట్ పంప్ సరిపోతుందని మూడోవారు చెప్పినప్పుడు, మైనస్ 6 దగ్గర అది ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో కంపెనీ పట్టికలో చూపించమని అడగవలసింది.

మీ ఫర్నేస్ నిజంగా బాగుంటే దాన్ని తీసేయవలసిన అవసరం కూడా లేదు. ఏసీ స్థానంలో హీట్ పంప్ పెట్టి, ఫర్నేస్‌ను కఠినమైన చలికి మాత్రమే వాడుకోవచ్చు. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఒకటి ఆగి ఇంకొకటి అందుకోవాలో థర్మోస్టాట్‌లో పెట్టుకుంటారు. అయితే కాయిల్ ఫర్నేస్ నెత్తిన ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి నడవవు, ఒకటి ఆగాకే రెండోది. ఏది చౌక అనేది తేల్చడం సులభం: మీ కరెంటు బిల్లులో యూనిట్ ధర, గ్యాస్ బిల్లులో అంతే శక్తి ఉన్న గ్యాస్ ధరకు ఎన్ని రెట్లు ఉందో చూడండి. అది మూడు రెట్లు అనుకుంటే, ఫర్నేస్ 80 శాతం సామర్థ్యం కలది అయితే, సీఓపీ 2.4 దాటినంతకాలం హీట్ పంపే చౌక.

అలవాటు పడవలసిన విషయాలు రెండున్నాయి. ఫర్నేస్ గాలి చేతికి వేడిగా తగులుతుంది, హీట్ పంప్ గాలి సుమారు 35 నుంచి 40 డిగ్రీలే కాబట్టి చేయి పెడితే గోరువెచ్చగానే ఉంటుంది. ఇల్లు మాత్రం వెచ్చబడుతుంది, నెమ్మదిగా. రెండోది మంచు కరిగించుకోవడం. తేమగా ఉన్న చలిలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటే, యంత్రం కాసేపు ప్రవాహాన్ని వెనక్కి తిప్పి దాన్ని కరిగిస్తుంది. మొదటి చలికాలం ఒక తెల్లవారుజామున బయటి యూనిట్ నుంచి గుప్పుగుప్పున తెల్లటి పొగ లేవడం చూసి నేను బకెట్‌తో పరుగెత్తాను. అది ఆవిరి. చేతిలో బకెట్‌తో అక్కడే నిలబడి చూస్తుండగానే ఆగిపోయింది.


పెంకుటిల్లు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు పట్టింది, కానీ కొలతలు తెచ్చాను.

కొలతకు వచ్చిన మెకానిక్ ఫిల్టర్‌తో సహా పీడనం 225 పాస్కల్స్ ఉందన్నారు. ఫర్నేస్ రేకు మీద గరిష్ఠం 125 అనే రాసి ఉంది. అటక మీదికి ఆయనతో పాటు నేనూ ఎక్కాను. వెనక పడకగదికి వెళ్లే డక్టు ఒక అతుకు దగ్గర బెత్తెడు మేర ఊడి ఉంది; ఎన్నేళ్ల నుంచి అలా ఉందో, మా చల్లటి గాలి అటకలోని ధూళికి విసనకర్రలా వీస్తోంది. దాని ముందు అంతా దుమ్ము లేకుండా ఊడ్చినట్లు శుభ్రంగా ఉండడం చూసి నాకు నవ్వు వచ్చింది, తర్వాత బాధ వేసింది. అతుకుల మీద చుట్టిన గుడ్డ టేపు చాలాచోట్ల ఎండి, అప్పడంలా విరిగి వస్తోంది. గాలి వెనక్కి పీల్చుకునే జాలీ ఇల్లంతటికీ హాలులో ఒక్కటే ఉంది.

థర్మోస్టాట్ లెక్కలు: పోయిన ఏడాది, ఏసీ బాగా ఉన్నప్పుడు, 40 డిగ్రీలు తాకిన ఒక రోజు మధ్యాహ్నం 1 నుంచి సాయంత్రం 7 వరకు ఆరు గంటల్లో కంప్రెసర్ మొత్తం 3 గంటల 40 నిమిషాలు తిరిగింది. అతి చలి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఫర్నేస్ 3 గంటల 10 నిమిషాలు వెలిగింది. ఆ రాత్రి బయట మైనస్ 4 నుంచి మైనస్ 6 మధ్య ఉంది. ఫర్నేస్ రేకు మీద గంటకు 80,000 బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్లు) లోపలికి, 64,000 బయటికి అని ఉంది. ఇంకొక సందేహం: కొత్త యంత్రాలలో వాడే గ్యాస్ మండుతుందని ఒకరు భయపెట్టారు, అది నిజమేనా?


జవాబు: పానా_స్క్రూడ్రైవర్

ఇంత శ్రద్ధగా కొలతలు తెచ్చినవారిని నేను అరుదుగా చూస్తాను. ఇక లెక్క చేద్దాం.

ఆరు గంటల్లో 220 నిమిషాలు అంటే 61 శాతం. మూడున్నర టన్నులలో 61 శాతం రెండు టన్నులకు పైన కాస్త. అది కూడా అటకలోకి పారిపోయిన గాలిని కలుపుకుని. పైగా యంత్రం రేటింగ్ బయట 35 డిగ్రీల దగ్గర ఇచ్చేది. 40 దగ్గర అది కొంచెం తక్కువే ఇస్తుంది. కాబట్టి 40 డిగ్రీల ఎండలో కూడా మీ ఇంటికి రెండు టన్నులకు కాస్త అటు ఇటు చాలు, రెండున్నర టన్నులది పెడితే చేతిలో ఇంకా మిగులు ఉంటుంది. ఒక టన్ను అంటే 24 గంటల్లో ఒక టన్ను (అమెరికా లెక్కలో, సుమారు 907 కిలోలు) మంచును కరిగించే వేడి, సుమారు 3.5 కిలోవాట్లు, ఆ పాత రోజుల కొలతే ఇప్పటికీ మనల్ని ఏలుతోంది. ఇది వాడకం నుంచి తీసిన లెక్క; గోడలు, కిటికీలు, పైకప్పు చూసి గదివారీగా వేసే అసలు లోడ్ లెక్క కూడా బిగించేవారి చేత రాతపూర్వకంగా తీసుకోండి. రెండూ దగ్గరగా రావాలి. వారి లెక్క నాలుగు టన్నులని వస్తే, ఏ అంకెలు వేశారో కూర్చోబెట్టి అడగండి.

చలికాలం: ఎనిమిది గంటల్లో 190 నిమిషాలు, అంటే 40 శాతం. 64,000 బీటీయూలు అంటే సుమారు 18.8 కిలోవాట్లు, అందులో 40 శాతం ఏడున్నర కిలోవాట్లు. మీ ఫర్నేస్ ఇంటి అవసరానికి రెండున్నర రెట్లు పెద్దదన్నమాట. లెక్కలపద్దు గారు చెప్పిన రెండు గీతలు మీ ఇంట్లో, రెండున్నర టన్నుల మామూలు హీట్ పంప్‌తో అయితే, దాదాపు సున్నా డిగ్రీల దగ్గర కలుస్తాయి. అంతకు దిగువన ఉండే రాత్రులు మీకు ఎన్నో మీకే తెలియాలి. ఆ రాత్రులకు ఫర్నేస్‌ను ఉంచుకోవచ్చు, లేదా చలికి తట్టుకునే ఇన్వర్టర్ రకం తీసుకుని ఫర్నేస్‌కు సెలవు ఇవ్వవచ్చు.

ఫర్నేస్‌ను ఉంచుకునేటట్లయితే ఒక షరతు ఉంది. మంటకూ ఇంటి గాలికీ మధ్య ఉండే ఇనుప గోడలను, అంటే హీట్ ఎక్స్‌చేంజర్‌ను, చిన్న కెమెరాతో లోపల చూసి చీలిక లేదని తేల్చాలి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలవాలి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పడకగదుల దగ్గర దాని అలారం లేకపోతే ఈ చర్చ ముగిసేవరకు ఆగవద్దు, ముందు అది తెచ్చుకోండి. 17 ఏళ్లకు చీలిక కనిపిస్తే ఇక బేరమే లేదు, తీసేయవలసిందే. దాని స్థానంలో 90 శాతం సామర్థ్యం దాటిన ఫర్నేస్ పెడతామని ఎవరైనా అంటే, మీ నీళ్ల హీటర్ కూడా గ్యాస్‌దేనా, రెండింటికీ ఒకే పొగగొట్టమా అని చూసుకోండి. కొత్తది ప్లాస్టిక్ గొట్టంలో వేరే దారిన పొగ వదులుతుంది. అప్పుడు ఆ పెద్ద పొగగొట్టంలో నీళ్ల హీటర్ ఒంటరిగా మిగిలి, దాని పల్చటి పొగ పైకి లేచే ఊపు లేక గొట్టంలోనే చల్లబడుతుంది, ఒక్కోసారి ఇంట్లోకి వెనక్కి మళ్లుతుంది. అంచనా కాగితాలలో చాలాసార్లు కనిపించని పని ఇది.

డక్టుల దగ్గరకు వస్తే, చిన్న యంత్రం వల్ల మీకు కలిసివచ్చే మేలు ఇక్కడే ఉంది. రెండున్నర టన్నులకు నిమిషానికి 1,000 ఘనపుటడుగులు చాలు. ఇదివరకు 1,400 నిజంగా వెళ్లి ఉంటే పీడనం సగానికి పడిపోవాలి, అంటే 115 పాస్కల్స్. కానీ 225 పాస్కల్స్ మీద ఆ బ్లోయర్ 1,400 తోసి ఉంటుందని నేను నమ్మను. 1,200 అనుకుంటే కొత్త పీడనం 155 దగ్గర ఆగుతుంది, ఇంకా ఎక్కువే. అందువల్ల గాలి పీల్చుకునే వైపు ఇంకొక జాలీ తెరిపించండి, వెనక పడకగది దగ్గర అయితే మరీ మంచిది. తలుపు మూస్తే కింది సందులో రివ్వున వచ్చిన గాలి అదే చెబుతోంది: గదిలోకి పోసిన గాలికి తిరిగి వెళ్లే దారి లేదు. ఫిల్టర్‌ను ఒక అంగుళం మందానికి బదులు నాలుగు అంగుళాలది పెట్టే పెట్టె బిగిస్తే, మడతలలో ఎక్కువ వైశాల్యం దొరికి అడ్డు తగ్గుతుంది. ఊడిన అతుకును రేకు స్క్రూలతో బిగించి, అన్ని అతుకుల మీదా బ్రష్‌తో పూసే మాస్టిక్ లేపనం వేయించండి. గుడ్డ టేపు మళ్లీ వద్దు, దాని గతి మీరు చూశారు.

గ్యాస్ మండడం గురించి: ఆర్-22 తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ ఇలాంటి వాటిని తగ్గించమంటోంది. అందుకే ఇప్పుడు ఆర్-32, ఆర్-454బీ వస్తున్నాయి. వీటి లెక్క 675, 466. ఇవి స్వల్పంగా మండే తరగతివి, ఆ మాట నిజమే. వంటగ్యాస్‌లా భగ్గుమనేవి కావు, నెమ్మదిగా మండుతాయి, అంటుకోవడం కష్టం. లీకైతే గుర్తుపట్టి ఫ్యాన్‌ను నడిపించే సెన్సర్‌ను కంపెనీ తన సూచనలలో ఎక్కడ చెప్పిందో అక్కడ పెట్టాలి, దాన్ని ఎవరినీ తీసేయనివ్వవద్దు. పాత ఆర్-22ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగి పట్టుకెళ్లాలి.

రాగి గొట్టాలు కొత్తవి వేయించుకోవడమే నా సలహా. పాత గొట్టాలలో మినరల్ నూనె మిగిలి ఉంటుంది, కొత్త కంప్రెసర్లది వేరే రకం నూనె. గోడలోంచి పోయి తీయలేని గొట్టాలైతే, కొలత కొత్త యంత్రానికి సరిపోయినప్పుడే, కడిగి వాడాలి. నిదానం గారు అనుభవించింది మీకు జరగకుండా, అతికేటప్పుడు నైట్రోజన్, అతికాక అదే నైట్రోజన్‌తో పీడన పరీక్ష, ఆ తర్వాత 500 మైక్రాన్ల (గొట్టంలో మిగిలిన పీడనాన్ని కొలిచే అంకె) దిగువకు వ్యాక్యూమ్, పంపు ఆపాక ఆ అంకె నిలబడుతుందా అని చూడడం, గ్యాస్‌ను తూకం వేసి నింపడం, ఇవన్నీ ఒప్పంద కాగితంలో రాయించండి. చివరి రోజు అంకెలు కాగితం మీద ఇవ్వాలని కూడా రాయించండి. పని చేసేవారు ఆ మాటకు నొచ్చుకోరు. బయటి యూనిట్, లోపలి కాయిల్ ఒకదానికొకటి జతగా పరీక్షించినవేనని ధ్రువపత్రం అడగండి, లేకపోతే రేటింగ్‌లో రాసిన సామర్థ్యం మీకు రాదు.

వరుస మాత్రం మార్చవద్దు. ముందు డక్టు, జాలీ పని చేయించి, పాత బ్లోయర్‌తోనే పీడనం మళ్లీ కొలిపించండి. యంత్రం ఆ తర్వాతే. ఈ వేసవికి కిటికీ ఏసీ ఒకటి వెనక గదిలో పెట్టుకుని గడిపినా పరవాలేదు. కొత్త అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, బ్లోయర్ వేగం ఏది పెట్టుకోవాలో అప్పుడు చెబుతాను.


పెంకుటిల్లు (ప్రశ్న అడిగినవారు)

మాస్టిక్ పని, రెండో జాలీ పూర్తయ్యాయి. ఫిల్టర్ పెట్టె ఇంకా రాలేదు. బ్లోయర్ వేగం మార్చకుండా, పాత ఒక అంగుళం ఫిల్టర్‌తోనే ఇవాళ కొలిస్తే 160 పాస్కల్స్ వచ్చింది. ఈల ఆగిపోయింది. రెండున్నర టన్నులకు కొత్త అంచనా ఇమ్మని ముగ్గురికీ రాశాను. హీట్ పంప్ చెప్పిన మూడోవారు ఒక్కరే, అటక చూడడానికి ఎప్పుడు రమ్మంటారని అడిగారు.